డబ్బు రాని కోడ్ రాస్తున్నాడు, మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి విశాఖపట్నంలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం. లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపించే వైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పట్టుకుని అర్ధరాత్రి దాకా కూర్చుంటున్నాడు. మొదటి ఏడాది గణితం పేపరు ఒకటి మిగిలిపోయింది. దీనితో ఉద్యోగం వస్తుందా? – ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మాన్పించకండి. పేపరు సంగతి చివర చెబుతాను.

అతను ఏం చేస్తున్నాడో తెలిస్తే మీకు కొంత నిబ్బరం కలుగుతుంది. విండోస్ కోసం రాసిన ప్రోగ్రాము ప్రతి చిన్న పనికీ విండోస్‌నే అడుగుతుంది. విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపించే మరో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్; ఆ అడిగే తీరు దానికి తెలియదు. వైన్ మధ్యలో ఉండి ఆ కోరికను లినక్స్ చేయగలిగిన పనిగా మార్చి, ఫలితాన్ని విండోస్ ఇచ్చినట్టే అందిస్తుంది. ఫైలు తెరవడమే చూడండి. పేరును ఇంగ్లిష్ పెద్దబడి (క్యాపిటల్) అక్షరాల్లో రాసినా చిన్నబడి అక్షరాల్లో రాసినా విండోస్‌కు మామూలుగా ఒకటే ఫైలు. లినక్స్‌కు అవి రెండు. 'సి' డ్రైవ్ అన్నది లినక్స్‌లో అసలు లేనే లేదు. ఇలాంటి తేడాలు ఎన్నో. పైగా విండోస్ సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్) చూడకుండా, బయటి నుంచి దాని ప్రవర్తనను పరీక్షించి తెలుసుకుని రాయాలి. 1993లో మొదలైన ఈ ప్రాజెక్టు 1.0 వెర్షన్‌కు చేరేసరికి 2008 వచ్చింది. వాల్వ్ అనే గేముల సంస్థ 2018లో, లినక్స్‌లో విండోస్ గేములు నడపడానికి తెచ్చిన ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్‌కు, ఆ సంస్థ చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ కంప్యూటర్ స్టీమ్ డెక్‌లో విండోస్ గేములు నడవడానికి వైనే పునాది.

వైన్ పేరుతో నేరుగా ఉద్యోగాలిచ్చేవి కోడ్‌వీవర్స్ లాంటి కొద్ది సంస్థలే, ఆశ పెట్టను. కానీ సి అనే ప్రోగ్రామింగ్ భాష, డీబగ్గింగ్ (కోడ్‌లో తప్పులు పట్టి సరిచేయడం), ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి పనితీరు చేతికొస్తే సిస్టమ్స్, ఎంబెడెడ్ (యంత్రాలు, పరికరాల లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో తడబడకుండా మాట్లాడగలడు.

అయితే గేము నడిచిందా లేదా అని చూస్తూ కూర్చుంటే ఏమీ రాదు. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే విండోలో, 'ఫిక్స్‌మీ' అని పడే వరుసలు చదువుతున్నాడా అని అడగండి. వైన్‌లో ఇంకా పూర్తిగా రాయని భాగాన్ని ప్రోగ్రాము పిలిచినప్పుడు సాధారణంగా ఆ వరుస పడుతుంది. అందులో ఒక్కటి ఎంచుకుని, అసలైన విండోస్ ఆ సందర్భంలో ఏం చేస్తుందో చూసే చిన్న టెస్టు రాసి ప్రాజెక్టుకు పంపమనండి. అనుభవజ్ఞులు తప్పులు చూపి వెనక్కి పంపుతారు; ఆ దిద్దుబాట్లు ఏ కోచింగులోనూ దొరకని చదువు. లీకైన మైక్రోసాఫ్ట్ కోడ్ జోలికి మాత్రం అస్సలు వెళ్లకూడదు. అది చూసినవారు రాసే కోడ్‌ను వైన్ ప్రాజెక్టు తీసుకోదు.

ఇక పేపరు. బ్యాక్‌లాగ్, అంటే మిగిలిపోయిన పేపరు, ఉంటే చాలా కంపెనీలు క్యాంపస్ సెలక్షన్లకు రానివ్వవు. సప్లిమెంటరీ పరీక్ష అయ్యేదాకా వైన్ శని, ఆదివారాల్లోనే. ఈ షరతు మీరే పెట్టండమ్మా, కావాలంటే నేను చెప్పానని చెప్పండి.