పోయినవారి గొంతుతో పని చేసేటప్పుడు

అమ్మా,

నీ ఉత్తరమూ, నవల మొదటి భాగమూ అందాయి. చనిపోయే ముందు ఆ బుర్రకథ కళాకారుడు నీ ఫోనులో చెప్పి వెళ్లిన మాటల ఆధారంగా నవల రాస్తున్నావు. ఆయన మాటలను కత్తిరించే హక్కు నాకుందా, వరస మారిస్తే అపచారమవుతుందా అని అడిగావు. డొంకతిరుగుడు లేకుండా చెబుతాను. కత్తిరించవచ్చు, వరసా మార్చవచ్చు. కానీ ఎక్కడ కత్తిరించాలో, దేన్ని ముందు పెట్టాలో ఆయన మాటలే నీకు చెప్పాలి. నీ అభిరుచి ఒక్కటే చాలదు.

ఈ సంగతి నాకు తేటతెల్లమైంది 'వియార్ న్యూ అగైన్' అనే జాజ్ ఆల్బమ్ విన్నాక. చనిపోయిన ఒక కవి గొంతు చుట్టూ కట్టిన ఆల్బమ్ అది. దాని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదువు.

గిల్ స్కాట్-హెరాన్ పేరు నువ్వు విని ఉండకపోవచ్చు. 1949లో షికాగోలో పుట్టిన నల్లజాతి కవి, నవలాకారుడు, గాయకుడు. 1970లో ఆయన తొలి నవల, తొలి ఆల్బమ్ రెండూ వచ్చాయి. ఆ ఆల్బమ్‌లో చాలా భాగం డ్రమ్ముల దరువు మీద కవిత చెప్పడమే. విప్లవం టీవీలో రాదు అంటూ ఆయన చెప్పిన ప్రసిద్ధమైన కవిత అందులోదే. తర్వాతి తరం ర్యాప్ గాయకులు ఎందరో ఆయన్ని తమకు పెద్దదిక్కుగా చెప్పుకున్నారు. జీవితపు చివరి భాగాన్ని మాత్రం మాదకద్రవ్యాలు, జైలు చాలావరకు మింగేశాయి. 1994 తర్వాత పదహారేళ్ల పాటు ఆయన నుంచి కొత్త స్టూడియో ఆల్బమ్ రాలేదు. రిచర్డ్ రస్సెల్ అనే బ్రిటిష్ నిర్మాత 2006లో న్యూయార్క్‌లోని రైకర్స్ ఐలండ్ జైలుకు వెళ్లి మరీ ఆయన్ని కలిశాడు. ఆ కలయిక వల్ల 2010 ఫిబ్రవరిలో 'ఐయామ్ న్యూ హియర్' వెలువడింది. మొత్తం వింటే అరగంట కూడా పట్టదు. మరుసటి ఏడాది మే నెలలో ఆయన కన్నుమూశారు.

ఆ ఆల్బమ్‌లో గరుకుబారిన గొంతు, అక్కడక్కడ ఎలక్ట్రానిక్ శబ్దాలు, చుట్టూ బోలెడంత ఖాళీ. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాటలో ఆయనకు తోడు ఒక్క గిటారే. పాటల నడుమ, స్టూడియోలో ఊరికే మాట్లాడిన మాటల ముక్కలు కొన్ని సెకన్ల పాటు వినిపించి ఆగిపోతాయి. ఒంటరి మనిషి గొంతు అది. రస్సెల్ ఆ ఒంటరితనాన్ని కావాలనే కాపాడాడు. అది రస్సెల్ ఆల్బమ్ అని స్కాట్-హెరాన్ స్వయంగా అన్నారు కూడా. బతికున్నప్పుడే ఆయన తన మాటల్ని మరొకరి చేతిలో పెట్టారన్నమాట. నీ భయం తగ్గడానికి ఈ ఒక్క విషయం చాలు.

ఆల్బమ్ మొదట్లోనూ చివర్లోనూ ఒకే కవిత రెండు ముక్కలుగా వస్తుంది. తన అమ్మమ్మ లిలీ స్కాట్ గురించి ఆయన రాసిన కవిత అది. స్కాట్-హెరాన్ తండ్రి గిల్ హెరాన్ జమైకా నుంచి వచ్చిన ఫుట్‌బాల్ ఆటగాడు. గ్లాస్గోలోని సెల్టిక్ జట్టుకు ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు ఆయనే. కొడుకు చిన్నతనంలోనే దూరమయ్యాడు. పిల్లవాణ్ణి టెన్నెసీ రాష్ట్రంలోని జాక్సన్‌లో అమ్మమ్మ పెంచింది. పొరుగున శవసంస్కారాలు జరిపే సంస్థ దగ్గరున్న పాత పియానో కొని మనవడి ముందు పెట్టింది కూడా ఆమే. తండ్రి లేని ఇంట్లో పెరిగినవాణ్ణి చూసి లోకం జాలిపడుతుంది. ఆ జాలిని ఈ కవిత తిప్పికొడుతుంది. నన్ను ఆడవాళ్లు పెంచారు, మా ఇంటికి ఏ లోటూ లేదు అంటుంది.

ఈ ఆల్బమ్‌ను రెండుసార్లు తిరిగి మలిచారు. మొదటిది 2011 ఫిబ్రవరిలో, స్కాట్-హెరాన్ జీవించి ఉండగానే, జేమీ ఎక్స్ఎక్స్ చేశాడు. అప్పటికి కుర్రవాడు, లండన్ క్లబ్బు సంగీతంలో పెరిగినవాడు. పని జరుగుతున్నప్పుడు ఆయనకు ఉత్తరాలు రాసేవాడు. గొంతును ముక్కలు చేసి, సాగదీసి, ఆడించాడు. అందంగానే ఉంటుంది. కానీ చాలాచోట్ల ఆ గొంతు మరో వాయిద్యమై మిగిలింది, చెప్పే మనిషి వెనక్కి తగ్గాడు. అయినా ఆ తెగువను నేను తప్పుపట్టను. అవతల 'వద్దు' అనగల మనిషి ఉన్నాడు మరి.

రెండోది, నేను మొదట చెప్పిన 'వియార్ న్యూ అగైన్', 2020 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటికి ఉత్తరం రాద్దామన్నా అందుకునేవారు లేరు. మూల ఆల్బమ్‌కు పదేళ్లు నిండిన సందర్భంగా రస్సెల్ ఆ గొంతును షికాగో డ్రమ్మర్ మకాయా మెక్‌క్రేవెన్‌కు అప్పగించాడు. మెక్‌క్రేవెన్ పారిస్‌లో పుట్టాడు. తండ్రి స్టీఫెన్ మెక్‌క్రేవెన్ కూడా జాజ్ డ్రమ్మరే. తల్లి హంగేరీ జానపద గాయని. అతను పని చేసే తీరు నీకు ఉపయోగపడుతుంది. కచేరీల్లో అప్పటికప్పుడు వాయించినదంతా రికార్డు చేసి, తర్వాత కూర్చుని కోసి, అతికి, కొత్త కూర్పు చేస్తాడు. 2015లో పేరు తెచ్చిన ఆల్బమ్‌ను దాదాపు 48 గంటల రికార్డింగుల నుంచి అలాగే తీశాడు. అంటే కత్తెర పట్టడం అతనికి కొత్త కాదు. కానీ ఈసారి తన వాయింపుతో పాటు, తిరిగి అడగడానికి వీల్లేని మరొకరి మాటలు కూడా బల్ల మీద ఉన్నాయి.

అతను చేసిన మొదటి పని చూడు. అమ్మమ్మ కవితను రెండు చివరల నుంచి తీసి, నాలుగు భాగాలు చేసి, ఆల్బమ్ పొడవునా పరిచాడు. మూడో భాగానికి నేరుగా లిలీ స్కాట్ అని పేరే పెట్టాడు. దాంతో న్యూయార్క్ మీద కోపం, దయ్యంతో నడక, నిద్ర పట్టని రాత్రి, ఈ పాటలన్నీ ఆమె ఇంటిని దాటుకుంటూ వెళ్తాయి. మూలంలో ఆమె ద్వారం దగ్గరా, వీడ్కోలు దగ్గరా కనిపిస్తుంది. ఇక్కడ ఇల్లంతా ఆమే. మాట ఒక్కటీ కొత్తది రాయలేదు, వరస మాత్రమే మార్చాడు. అయినా ఆల్బమ్ ఎవరి గురించో ఇప్పుడే మనకు పూర్తిగా తెలుస్తుంది. వరస మార్చడానికి ఆధారం మాటల్లోనే దొరకాలని నేనన్నది ఇందుకే.

రెండో పని, ఆ గొంతుకు మనుషుల్ని తెచ్చాడు. బ్రాండీ యంగర్ హార్ప్, జెఫ్ పార్కర్ గిటార్, జూనియస్ పాల్ బాస్, బెన్ లమార్ గే తెచ్చిన రకరకాల శబ్దాలు, వాటికింద తన డ్రమ్ములు. అంతటితో ఆగకుండా తన తల్లిదండ్రుల పాత రికార్డింగుల నుంచి కూడా శబ్దాలు తీసి కలిపాడు. తన అమ్మమ్మను తలుచుకుంటున్న కవి పక్కన తన పెద్దవాళ్లను కూర్చోబెట్టాడు. ఇది చదివి నివాళి అనుకుంటావేమో. నాకు మాత్రం అది ఆ కవి మాటలను లోతుగా చదవడం అనిపిస్తుంది. తల్లిదండ్రుల గురించి స్కాట్-హెరాన్ సెకన్ల పాటు అన్న మాట చుట్టూ కూడా సంగీతం కట్టి, దాన్ని విడి ట్రాక్‌గా నిలబెట్టాడు. మూల ఆల్బమ్‌లో మనం వినీ విననట్టు దాటేసిన చోటు అది.

ఇక నీ రాత సంగతి. బుర్రకథలో కథకుడు ఒక్కడే ఉండడని నాకంటే నీకే బాగా తెలుసు. తంబుర పట్టుకుని అతను నడుమ నిలబడితే, ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తూ తందాన అంటారు. ఒకరు నవ్విస్తారు, ఒకరు రాజకీయం మాట్లాడతారు, ఇద్దరూ కథకుణ్ణి ప్రశ్నలతో నిలదీస్తారు. నీ ఫోనులో మాత్రం ఆయన ఒక్కడే ఉన్నాడు. వంతలు లేని కథకుడు. ఆ ఖాళీలో నువ్వు నిలబడ్డావు, అది సహజమే. కానీ ఆయన ఏమన్నా నువ్వు తల ఊపుతున్నావు. ఆయన ఒక వాక్యం అనగానే నువ్వు ఒక పేరా పొగడ్త రాస్తున్నావు. ఎదురు ప్రశ్న వేసే వంత ఒక్కడూ లేడు. ఆయనతో ఊరూరా తిరిగిన వంతలు బతికే ఉంటే వెళ్లి కలువు. వాళ్లకు ఆయన మీద ఫిర్యాదులు ఉంటాయి, వాటాల గొడవలు ఉంటాయి. అవన్నీ రానివ్వు.

ఇంకొకటి. మూడో అధ్యాయంలో ఆయన భార్య పేరు ఎత్తి, ఆగి, వెంటనే గుమ్మెటకు తోలు బిగించడం గురించి మాట్లాడాడని నీ ఉత్తరంలో రాశావు. నవలలో ఆ ఆగడం లేదు. భార్య గురించి రెండు వాక్యాలు నువ్వే కల్పించి అతికావు, తోలు సంగతి తీసేశావు. ఆ రెండు వాక్యాలు బాగున్నాయి, కానీ ఆయనవి కావు. ఆయన నోట పెట్టకు. తోలు మాట వెనక్కి తీసుకురా. ఆమె పేరు దగ్గర గొంతు ఆగినవాడు తోలు దగ్గర అంత వివరంగా ఎందుకు మాట్లాడాడో పాఠకుడే పట్టుకుంటాడు. కత్తిరించవచ్చని నేను అన్నది ఆయన మాటలనే. నువ్వు చేర్చిన మాటల దగ్గర ఆ కత్తెర ఇంకా నిర్దాక్షిణ్యంగా ఉండాలి.

రికార్డింగుల్లో నవ్వు, దగ్గు, 'ఆఁ, ఎక్కడున్నాం' అనడం, అన్నీ వదలకుండా కాగితం మీద పెట్టు. ఆ తర్వాత ఆయన మళ్లీ మళ్లీ ఎవరి దగ్గరికి వస్తున్నాడో గుర్తుపెడుతూ చదువు. భార్య దగ్గరికే వస్తున్నాడని నా అనుమానం. అదే నిజమైతే, ఆమె ఇప్పుడున్నట్టు మూడో అధ్యాయంలో ఒక్కసారి కనిపించి పోవడానికి వీల్లేదు, నవల వరసంతా మారుతుంది. రాసినదాన్ని తిరగరాయడానికి వెనుకాడకు, నీకు ఆ శక్తి ఉంది. రెండో భాగం పంపేటప్పుడు ఆ కాగితాలు కూడా జతచెయ్యి. ముందు వాటినే చదువుతాను.

ఆశీస్సులతో.