పాత గేమ్‌లు, మీ ప్రశ్నలు: ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గింది?

ప్రశ్న: ఈమధ్యే సూపర్ నింటెండో (టీవీకి తగిలించి ఆడే పాత గేమ్ కన్సోల్) ఆడటం మొదలుపెట్టాను. ఏది ఆడాలో తెలియక 1990ల నాటి పత్రికల రివ్యూ స్కోర్లు చూసి ఒక జాబితా రాసుకున్నాను. బోలెడు మార్కులొచ్చిన డాంకీ కాంగ్ కంట్రీ పది రోజులకే విసుగొచ్చింది. మార్కులు అంతంతమాత్రంగా ఉన్న ఎర్త్‌బౌండ్‌ను మాత్రం వదల్లేకపోతున్నాను. తప్పు నాదా, పత్రికలదా?

జవాబు: తప్పు ఎవరిదీ కాదండీ. ఆ మార్కులు పడిన నెల ఏదో ఒకసారి చూడండి. డాంకీ కాంగ్ కంట్రీ వచ్చింది 1994 నవంబర్‌లో. అప్పుడే జపాన్‌లో ప్లేస్టేషన్, సాటర్న్ అనే కొత్త తరం కన్సోళ్లు అమ్మకానికి వస్తున్నాయి. సూపర్ నింటెండో లాంటి 16 బిట్ కన్సోళ్ల పని అయిపోయిందని అందరూ అనుకుంటున్న సమయం. ఆ గేమ్ చేసిన రేర్ కంపెనీ వాళ్లు ఖరీదైన సిలికాన్ గ్రాఫిక్స్ కంప్యూటర్లలో త్రీడీ బొమ్మలు తయారుచేసి, వాటిని మామూలు బొమ్మలుగా మార్చి గేమ్ ఉండే ఆ చిన్న కార్ట్రిడ్జ్‌లో ఎక్కించారు. పాత కన్సోల్ మీద అలాంటి దృశ్యం అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆ ఆశ్చర్యం కూడా మార్కుల్లో కలిసింది. మీకు గేమ్ అందింది గానీ ఆ ఆశ్చర్యం అందలేదు, అందడానికి వీల్లేదు కూడా.

ఆ తర్వాత ఏడు నెలలకే, 1995 జూన్‌లో ఎర్త్‌బౌండ్ అమెరికాకు వచ్చింది. చదునైన, పిల్లల పుస్తకంలాంటి బొమ్మలు. అప్పటికి చాలామంది కళ్లకు అది వెనకబడినట్టే కనిపించింది. నేనూ ఆ రివ్యూలు నమ్మి చాలా ఏళ్లు దాని జోలికి వెళ్లలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందులో హీరో నెస్ అప్పుడప్పుడూ ఇంటి మీద బెంగ పెట్టుకుంటాడు. పోరాటం మధ్యలో అమ్మ గుర్తొచ్చి చేయి ఆడదు. ఫోన్ దగ్గరికి వెళ్లి అమ్మతో మాట్లాడితే గానీ కుదుటపడడు. మొదటిసారి నెస్‌కు అలా జరిగినప్పుడు కంట్రోలర్ పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. గ్రాఫిక్స్‌కు ఇన్ని, సౌండ్‌కు ఇన్ని అని గళ్లు గీసుకున్న రివ్యూలో దీనికి ఏ గడిలో మార్కు వేస్తారు?

అందుకే నేను మొత్తం అంకె కంటే విడివిడి అంకెలు చూస్తాను. జపాన్ పత్రిక ఫామిట్సులో ఒక్కో గేమ్‌కు నలుగురు రివ్యూయర్లు తలా పది మార్కులకు వేస్తారు, మొత్తం 40. ఈ పద్ధతి 1986లో మొదలైతే, మొదటి 40/40 రావడానికి 1998 దాకా పట్టింది: దాని తర్వాతి కన్సోల్ నింటెండో 64 మీద వచ్చిన జెల్డా సిరీస్ గేమ్ ఒకరినా ఆఫ్ టైమ్‌కు. సూపర్ నింటెండో జెల్డాకు, అంటే 1991 నాటి ఎ లింక్ టు ది పాస్ట్‌కు, వచ్చింది 39. నలుగురిలో ముగ్గురు పది వేస్తే ఒకరు తొమ్మిదితో ఆగారు. నాకు ఆ నాలుగో మనిషితో మాట్లాడాలనిపిస్తుంది. మొత్తం 28 అని ఉంటే అందరూ ఏడేసి వేశారా, ఇద్దరు తొమ్మిది, ఇద్దరు అయిదు వేశారా అన్నది చూడండి. రెండో రకం గేమ్‌లను నేను అసలు వదలను. నాకు బాగా నచ్చినవి చాలావరకు అక్కడే దొరికాయి.

బ్రిటన్ పత్రికల మార్కులైతే ఇంకో సంగతి గమనించాలి. అప్పట్లో అక్కడి టీవీలు 50 హెర్ట్జ్‌వి (తెర సెకనుకు 50 సార్లు మారేది), జపాన్, అమెరికా టీవీలు 60 హెర్ట్జ్‌వి. సరిచేయకుండా వదిలేసిన గేమ్ బ్రిటన్‌లో ఆరో వంతు నెమ్మదిగా నడిచేది. నిమిషంలో అయిపోవాల్సిన పరుగుకు 72 సెకన్లు. పైనా కిందా నల్లటి పట్టీలు అదనం. అక్కడి పత్రికలు చాలాసార్లు దిగుమతి చేసుకున్న జపాన్ కార్ట్రిడ్జ్ ఆడి మార్కులేసేవి. పాఠకుడు నెలల తర్వాత కొనుక్కునేది మాత్రం ఆ నెమ్మది గేమ్. పేరు ఒకటే, ఆట వేరు. మీరు ఆడుతున్నది ఏ దేశపు కార్ట్రిడ్జ్ అన్నది ముందు చూసుకోండి.

ప్రశ్న: నింటెండో పవర్ పత్రికను నింటెండో కంపెనీయే నడిపేది కదా, ఆ మార్కులు నమ్మొచ్చా?

జవాబు: నిజమే, 1988లో అమెరికా నింటెండోయే మొదలుపెట్టింది. సొంత సరుకును అమ్ముకునే పత్రిక అన్నది మనసులో పెట్టుకునే చదవాలి. కానీ ఆ రోజుల్లో వాళ్లు మొత్తం మార్కు అంటూ వేసేవాళ్లు కాదు. గ్రాఫిక్స్-సౌండ్, కంట్రోల్, కష్టం, సరదా అని నాలుగు భాగాలుగా అయిదేసి మార్కులకు వేసేవాళ్లు. కష్టం ఎంతో విడిగా చెప్పడం నాకు చాలా నచ్చుతుంది. పని నుంచి వచ్చి అరగంట ఆడుకునేవాడికి తెలియాల్సింది అదే.

ప్రశ్న: 70 శాతం వస్తే బాగాలేదనే అర్థమా?

జవాబు: ఏ పత్రిక అన్నదాన్ని బట్టి ఉంటుంది. చాలా పత్రికల్లో 70 అంటే 'పర్వాలేదు'. 1991లో వచ్చిన అమిగా పవర్ మాత్రం (అది కంప్యూటర్ గేమ్‌ల పత్రిక) సగటు గేమ్‌కు 50 వేయాలని పట్టుబట్టింది. అక్కడ 70 అంటే నిజంగా మంచి గేమ్. 1993లో మొదలైన ఎడ్జ్‌లో పదికి పది రావడానికి 1996లో సూపర్ మారియో 64 దాకా ఆగాల్సి వచ్చింది. ఒక పత్రిక పాత సంచికలు అయిదారు తిరగేసి, మీరు ఆడిన గేమ్‌లకు వాళ్లెంత వేశారో చూడండి. వాళ్ల 70 ఏమిటో మీకే తెలుస్తుంది.