బిడ్డతో వేయించుకున్న ఒట్టు

మిర్యాలగూడ దగ్గరి ఊరి నుంచి ఉత్తరం రాసిన తల్లికి,

గురుకులంలో ఏడో తరగతి చదువుతున్న మీ అమ్మాయి దసరా సెలవుల తరువాత రాసిన కవితను టీచరు గోడపత్రికకు తీసుకున్నారనీ, అది నలుగురి కంటా పడితే మీ ఆయన పరువు పోతుంది కాబట్టి ఎలా ఆపించాలో చెప్పమనీ అడిగారు. దీనికి జవాబు చిన్నది. కవిత అమ్మాయిది, పెట్టాలో వద్దో, కింద పేరు ఉండాలో వద్దో ఆమెనే అడగమని టీచరుకు చెప్పండి.

మీరు పంపిన ఆ కవితను చాలాసేపు చదివాను. అందులో 'నాయిన' అన్న మాటే లేదు, 'కొట్టిండు' అన్న మాటా లేదు. గడప దగ్గర చెప్పులు కనబడగానే టీవీ సౌండు పెంచడం ఉంది. తెల్లవారి, తమ్ముడి కాలికి గుచ్చుకుంటాయని మంచం కింద గాజు ముక్కలు ఏరడం ఉంది. సద్దుల బతుకమ్మ నాడు అందరి చేతులూ గలగలలాడుతుంటే అమ్మ చేతులు మాత్రం చప్పుడు చేయకపోవడం ఉంది. ఇలాంటి సంగతి పెద్దవాళ్లు రాస్తే కోపమో, నీతిబోధో ముందుకు వస్తుంది. పిల్లలు తీర్పు చెప్పరు, తమ కంటికి ఆనిన వస్తువులను చూపించి ఊరుకుంటారు. చదివేవాళ్లకు ఒళ్లు జలదరించేది అందుకే. తండ్రిని బజారుకీడ్చిందని మీరు నొచ్చుకుంటున్నారు కానీ, ఆ పిల్ల ఆయనను ఎంత జాగ్రత్తగా దాచిందో చూడండి.

ఎందుకు దాచిందో మీ ఉత్తరం చివర్లో మీరే చెప్పారు. హాస్టలుకు పంపేటప్పుడు మీ నెత్తిమీద చెయ్యి పెట్టించుకొని, 'ఇంట్ల సంగతి ఎవ్వరికీ చెప్పకు బిడ్డా' అని ఒట్టు వేయించుకున్నారట. ఆ వాక్యం దగ్గర, మీ ఆయన మీద వచ్చినంత కోపమూ నాకు మీ మీద వచ్చింది. దెబ్బలు తిన్నది మీరు, కొట్టింది ఆయన, కాపలా కాస్తున్నది మాత్రం పన్నెండేళ్ల పిల్ల. 'పిల్లల మీద ఎన్నడూ చెయ్యి వేయడు' అని ఆయన తరఫున రాశారు కూడా. గాజు ముక్కలు ఏరిన చేతులు ఎవరివి మరి?

తల్లిదండ్రులను కలవనిచ్చే ఆదివారం వెళ్లి, ముందు ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండి. కవిత చదివాననీ, ఇంట్లో జరిగేది చూసుకోవలసింది తను కాదు, నేననీ ఆమెకు చెప్పండి. చెప్పి ఊరుకుంటే చాలదు. 2005 నాటి గృహహింస చట్టం కింద, ఇల్లు మీ పేరున లేకపోయినా ఆ ఇంట్లోనే ఉంటూ కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వులు కోరవచ్చు. మూటాముల్లె సర్దుకొని తల్లిగారింటికి పోవలసిన పని లేదు. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే నల్లగొండ సఖి కేంద్రంలో కౌన్సెలింగుకూ న్యాయ సలహాకూ రూపాయి అడగరు. అక్కడ కూర్చున్నాక 'తాగినప్పుడే' అంటూ సర్దిచెప్పకండి, జరిగింది జరిగినట్టు చెప్పండి. సంక్రాంతి సెలవులకు అమ్మాయి ఇంటికి రాకముందే ఈ పని కావాలి.