ప్రైజ్‌మనీలో సగం, ఈఎంఐ మాత్రం మొత్తం

ప్రశ్న: నా వయసు 25. బ్యాడ్మింటన్ డబుల్స్ ఆడతాను. నాలుగేళ్లుగా ఒకడే పార్ట్‌నర్. పోయిన ఏడాది రెండు టోర్నీల్లో ఫైనల్‌కి వెళ్లాం, ఒకటి గెలిచాం. ఇన్నాళ్లకి చేతిలో నాలుగు డబ్బులు కనిపిస్తున్నాయి. లోన్ పెట్టి ఇల్లు కొనేయమని ఇంట్లో ఒకటే పోరు. పార్ట్‌నర్ ఏమో ఆ డబ్బుతో ఇద్దరికీ కలిపి సొంతంగా ఒక ఫిజియోని పెట్టుకుందామంటున్నాడు. ప్రైజ్‌మనీ మొత్తం నా ఖాతాలోకే వస్తుంది, ఖర్చులూ అందులోంచే పెడుతున్నాం. ఖర్చుల పుస్తకం ఫొటో జత చేశాను. ఇన్సూరెన్స్ కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇల్లు ఇప్పుడే వద్దు. ఫిజియో విషయంలో నా ఓటు మీ పార్ట్‌నర్‌కే, కాకపోతే ఒక షరతు ఉంది. ఈ రెండిటికంటే ముందు చూడాల్సింది మీరు చివర్లో మాటవరసకి చెప్పేసిన ఆ ఒక్క ఖాతా సంగతి.

మీరు పంపిన ఖర్చుల పుస్తకం ఫొటో పెద్దది చేసి చూశాను. మార్చి పేజీలో ‘గట్టింగ్ 14 సార్లు’ (రాకెట్‌కి తీగలు వేయించడం), ‘షటిల్స్ 6 డబ్బాలు’, ‘ఫ్లైట్ ఇద్దరికీ’ అని వరసగా ఉన్నాయి. ఆ కింద ‘ఇంజక్షన్, మోచెయ్యి, వాడికి’ అని రాసి, అంకె పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్న గుర్తు పెట్టారు. అంటే ఆ ఖర్చు జోడీదా, అతనొక్కడిదా అన్నది మీకే తేలలేదు. అడగడానికి మొహమాటపడి ఉంటారు. గెలుస్తున్న రోజుల్లోనే ఇది తేలకపోతే, వరసగా నాలుగు మొదటి రౌండ్లు ఓడాక తేలదు.

ఇక మీ ఆదాయం. డబుల్స్‌లో సంపాదన ఎలా ఉంటుందో ఇంట్లోవాళ్లకి అర్థం కావాలంటే ఈ ఒక్క లెక్క చూపించండి. 2023 ఇండోనేషియా ఓపెన్, బ్యాడ్మింటన్‌లో పెద్ద స్థాయి అయిన సూపర్ 1000 టోర్నీ, మొత్తం ప్రైజ్‌మనీ 12.5 లక్షల డాలర్లు. సింగిల్స్ విజేతకి అందులో 7 శాతం, అంటే 87,500 డాలర్లు. డబుల్స్‌లో గెలిచిన జోడీకి 7.4 శాతం, 92,500. ఆ ఏడాది పురుషుల డబుల్స్ టైటిల్ సాత్విక్‌సాయిరాజ్, చిరాగ్ శెట్టిలది. చెరిసగం పంచుకుంటే ఒక్కొక్కరికి 46,250. అదే వారం, అవే కోర్టులు, అదే స్థాయి టైటిల్, చేతికొచ్చేది మాత్రం సింగిల్స్ విజేతకి వచ్చినదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ. అదే టోర్నీలో మొదటి రౌండ్‌లో ఓడిన జోడీకి 0.1 శాతం, 1,250 డాలర్లు. తలకి 625. ఖర్చు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ సగం లెక్క ఎవరూ ఒప్పుకోరు. జోడీ కదా అని విమానంలో ఇద్దరికీ కలిపి ఒక టికెట్ ఇవ్వరు. హోటల్ గది పంచుకోవడంలో మిగిలేదే మీకున్న రాయితీ.

మీరింకా ఆ స్థాయికి చాలా మెట్లు కింద ఉన్నారు. లక్ష డాలర్ల సూపర్ 100 టోర్నీ గెలిస్తే జోడీకి వచ్చేది 7,900 డాలర్లు. మీ దేశంలో పన్ను కట్టకముందే టోర్నీ జరిగిన దేశంలో కొంత పన్ను కోసుకోవచ్చు. అలా కోసినప్పుడల్లా సర్టిఫికెట్ అడిగి తీసుకుని దాచండి. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంటే, అక్కడ కట్టినది ఇక్కడ తగ్గించుకోవడానికి అదే ఆధారం. ఒకే ఖాతా వల్ల వచ్చే అసలు ఇబ్బంది కూడా ఇక్కడే. ప్రైజ్‌మనీ మొత్తం మీ ఖాతాలో పడితే కాగితం మీద అదంతా మీ ఆదాయమే. పార్ట్‌నర్ వాటాకి కూడా పన్ను మీరే కట్టే పరిస్థితి వస్తుంది. మీరు స్నేహంగా చేసిన ఏర్పాటు పన్ను అధికారికి అలా కనబడదు.

పోయిన ఏడాది ఆదాయాన్ని జీతంలా చూడొద్దని ఎందుకంటున్నానంటే, ర్యాంకింగ్ లెక్కే అలాంటిది. గడిచిన 52 వారాల్లో మీ జోడీకి ఎక్కువ పాయింట్లు తెచ్చిన 10 టోర్నీలే లెక్కలోకి వస్తాయి. పోయిన ఏడాది గెలిచిన టైటిల్ పాయింట్లు ఏడాది తిరగ్గానే రాలిపోతాయి. వాటి చోట కొత్తవి రాకపోతే పెద్ద టోర్నీలకి ఎంట్రీ దొరకదు, దాంతో ఆ ప్రైజ్‌మనీ కూడా ఉండదు. పైగా ఆ ర్యాంకు జోడీది. పార్ట్‌నర్ మారితే ఆ ర్యాంకు మీ వెంట రాదు.

ఇండోనేషియా జోడీ మార్కస్ గిడియాన్, కెవిన్ సంజయలనే తీసుకోండి. 2017 నుంచి 2022 దాకా చాలాకాలం ప్రపంచ నంబర్ 1 వాళ్లే. 2022లో గిడియాన్ చీలమండకి ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత ఆ జోడీ మళ్లీ ఆ ఎత్తుకి చేరలేదు. కెవిన్ వేరే పార్ట్‌నర్‌తో ఆడి చూశాడు. 2024లో కొద్ది నెలల తేడాతో ఇద్దరూ రిటైర్ అయ్యారు. దెబ్బ తగిలింది ఒకరి కాలికి, ఆగింది ఇద్దరి ఆట. మీ విషయంలో కూడా ఈఎంఐ మీ పేరు మీద ఉంటుంది, అది కట్టగలరా లేదా అన్నది మాత్రం సగం అతని మోచేతి మీద ఆధారపడి ఉంటుంది. ఇరవై ఏళ్ల లోన్‌కి అది చాలా సన్నటి ఆధారం.

ఇండోనేషియా డబుల్స్ ఆటగాడు హెండ్రా సెతియావాన్ 40 ఏళ్ల దాకా ఆడాడు కదా అంటారేమో. నిజమే. పార్ట్‌నర్ మార్కిస్ కిడోతో ఒలింపిక్ స్వర్ణం, ఆ తర్వాత పార్ట్‌నర్ మారి అహ్సాన్‌తో మూడు ప్రపంచ టైటిళ్లు, 2025 జనవరిలో రిటైర్మెంట్. ఆయన్ని చూసి ఆట నేర్చుకోండి, లోన్ గడువు మాత్రం లెక్కేసుకోకండి.

కాబట్టి ముందు జోడీ పేరున ఇద్దరూ సంతకం పెడితే తప్ప డబ్బు బయటికి రాని ఒక ఉమ్మడి ఖాతా తెరవండి. ప్రైజ్‌మనీ, ఇద్దరికీ కలిపి వచ్చే స్పాన్సర్ డబ్బు అందులో పడాలి. ప్రయాణాలు, షటిల్స్, కోచ్, ఫిజియో ఖర్చులు అందులోంచే పోవాలి. మూడు నెలలకోసారి, రాబోయే టోర్నీల ఖర్చు పక్కన పెట్టి, మిగిలింది చెరిసగం ఎవరి సొంత ఖాతాకి వారు మళ్లించుకోండి. ఎవరి పన్ను వారిది. గట్టింగ్, రాకెట్లు ఎవరివి వారివే. మీ స్మాష్‌కి తెగే గట్స్ డబ్బు అతనెందుకు కట్టాలి?

దాంతోపాటు ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. గాయం ఎవరికైనా వైద్యం ఖర్చు ఎవరిది, బాగున్నవాడు ఎన్ని నెలలు ఆగాలి, ఈలోపు ఇంకొకరితో ఆడవచ్చా, విడిపోతే ఖాతాలో ఉన్నది ఎలా పంచుకోవాలి. ఈ నాలుగు తేలితే చాలు. పెద్ద లాయరు అక్కర్లేదు గానీ, పన్ను లెక్కలు చూసే ఆడిటర్‌కి ఒకసారి చూపించండి.

ఫిజియో షరతు ఇదీ: జీతం ఉమ్మడి ఖాతాలోంచే ఇవ్వాలి, ఏళ్ల తరబడి కాకుండా ఒక్క సీజన్‌కే మాట్లాడుకోవాలి. ఆ సీజన్‌లో గాయాల వల్ల వదిలేసిన టోర్నీలు తగ్గాయో లేదో చూసి ఆ తర్వాత కొనసాగించండి. మీ సంపాదనకి మూలం రెండు శరీరాలు. వాటి మీద పెట్టే డబ్బుని నేను దుబారా అనను.

మీ సొంత వాటాలోంచి 18 నెలల ఇంటి ఖర్చు బ్యాంకు డిపాజిట్‌లో పెట్టండి. మామూలు ఉద్యోగస్తులకి ఆరు నెలలు చాలంటాను. మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయితే కోర్టులోకి రావడానికే తొమ్మిది నెలలో, ఏడాదో పడుతుంది. ఆ తర్వాత ర్యాంకు కూడగట్టుకోవడానికి ఇంకొన్ని నెలలు. ఆ మొత్తం నిండేదాకా షేర్లు, ఫండ్ల జోలికి వెళ్లొద్దు. నిండాక షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్ మొదలుపెట్టండి. నెలనెలా కట్టే పద్ధతి మీకు కుదరదు. ప్రైజ్‌మనీ వచ్చినప్పుడల్లా అందులో ఇంత శాతం అని పెట్టుకోండి. ఇన్సూరెన్స్ ఉందన్నారు, మంచిది. అయితే పాలసీ కాగితం తీసి ‘వృత్తిగా ఆడే ఆటలో తగిలిన గాయాలు’ మినహాయింపుల్లో ఉన్నాయేమో ఈరోజే చూడండి. చాలా పాలసీల్లో ఉంటాయి.

ఇంటి గురించి అమ్మానాన్నల భయం అర్థమవుతోంది, చేతిలో డబ్బుంటే కరిగిపోతుందని. వాళ్లకి ఒక మాట ఇవ్వండి: 18 నెలల నిధి నిండి, ప్రైజ్‌మనీ కలపకుండా నెలనెలా ఖాయంగా వచ్చే స్టైపెండ్, స్పాన్సర్ డబ్బుతోనే ఈఎంఐ కట్టగలిగిన రోజున కొంటానని. ఆ డిపాజిట్ రసీదు వాళ్ల చేతికే ఇచ్చి దాచమనండి.

వచ్చే టోర్నీకి ఎలాగూ ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు. పుస్తకం పట్టుకెళ్లి ఆ మార్చి పేజీ ముందేసుకుని కూర్చోండి. ఇంజక్షన్ డబ్బు ఎవరిదో తేల్చి, ఆ ప్రశ్న గుర్తు చెరిపేశాక ఫిజియో అడిగిన జీతం ఎంతో నాకు రాయండి. అది మీ ఖాతా మోయగలదో లేదో లెక్కేసి చెబుతాను.