దంట కాదు నాన్నా, గంట

"డిసెంబరు నెలంతా స్పీచ్ థెరపీలో క్రిస్మస్ చెట్టుకి రంగులేయించడం, దూది అతికించడమే. దీనివల్ల మా పాపకి మాటలొస్తాయా, డబ్బు దండగా?" అని మీరు అడిగారు. మా వాడితో రెండు డిసెంబర్లు ఈ తతంగం చూసినదాన్ని. పండగ మంచిదే, ఆ కాగితాలే దండగ.

మా వాడికి నాలుగేళ్ళు నిండినా క, గ పలికేవి కావు. క అంటే త, గ అంటే ద. కేకు 'తేతు', గాడిద 'దాడిద'. ఇంట్లో అందరికీ అదో ముద్దు. "వాళ్ళ నాన్నా అంతేనమ్మా, బళ్ళో వేశాక అవే వచ్చాయి" అని మా అత్తగారు తేల్చేశారు. వీణ్ణి బళ్ళో వేశాక వచ్చినవి వెక్కిరింపులు.

గుంటూరులో మేం మొదట చేర్పించిన సెంటర్లో డిసెంబరు రాగానే ఇంటర్నెట్లోంచి దింపిన షీట్లు చేతిలో పెట్టారు. స్నోమ్యాను, రెయిన్‌డీరు, పొగగొట్టంలోంచి దిగే క్రిస్మస్ తాత. మా వాడికి తెలిసిన మంచల్లా ఫ్రిజ్ పై అరలో గడ్డ కట్టేదే. పైగా ఆ మాటలు చూడండి: క్రిస్మస్, స్టార్, ట్రీ, స్నోమ్యాన్. మొదటి అక్షరానికే వత్తు. మన నోటికి అది అలవాటే లేదు, 'క్రింద' అని రాసుకున్నా పలికేది 'కింద' అనేగా! ఒట్టి 'క' రానివాడి చేత 'క్రి' అనిపించబోతే 'తితిమితి' అయింది. కిస్మిస్ అడుగుతున్నాడనుకుని ఆయా నాలుగు పలుకులు తెచ్చి పెట్టింది కూడా.

నలభై నిమిషాల సెషన్లో సగం దూది ఉండల్ని స్ట్రాతో ఊదించడానికే పోయేది. మంచు తుఫానట. ఊదితే మూతి బలపడి మాటలొస్తాయన్నారు. ఊదితే ఊదడం వస్తుందండీ, 'గ' రావాలంటే 'గ' అనాలి. సెషన్‌కి 500 ఇచ్చి దూది ఊదించుకున్నాం. తర్వాత అడిగితే ఆ మేడమ్‌కి ఆర్‌సీఐ (థెరపిస్టుల్ని నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషనే లేదు. 1992 నాటి చట్టం ఉంది, ఆ నంబరు లేకుండా థెరపీ చేయకూడదని. గోడ మీద సర్టిఫికెట్లు చాలా ఉన్నాయి లెండి, ఏదీ దగ్గరికెళ్ళి చదవలేదు, అది నా తప్పు.

అసలు సంగతికొస్తా. మా ఎదురింటి మామ్మగారిది ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) చర్చి. ఏటా వరండాలో గడ్డితో పశువుల పాక కడతారు. మట్టి బొమ్మలు, పైన బల్బు పెట్టిన కాగితం నక్షత్రం, దాని కింద చిన్న ఇత్తడి గంట. రిటైరైన టీచరు, చాదస్తం జాస్తి. ఓ సాయంత్రం మా వాడు నక్షత్రం కింద నిలబడి "మామ్మా, దంట తావాలి" అన్నాడు. ఆవిడ లోపలికెళ్ళి తళుకు కాగితం దండ తెచ్చి వాడి మెళ్ళో వేసింది. "ఊఁహూఁ, దంట!" "వేశాగా నాన్నా, ఇంకోటి కావాలా?" ఇంకో దండ. వాడు ఏడుపు మొహం పెట్టాడు. మూడో దండ కూడా పడింది. నాకు ప్రాణం ఉసూరుమంది, గంట ఇచ్చేయండి అనబోయాను. ఆవిడ కళ్ళతోనే ఆగమంది. వాడు మెడ పూర్తిగా వెనక్కి వంచి, పైన వేలాడే గంటని చూపిస్తూ, కోపం గొంతుకి అడ్డం పడి "గ్గ్... గ్దంట!" అన్నాడు.

అది గంట కాదు, ఒప్పుకుంటా. కానీ నాలుగేళ్ళలో వాడి నోట మొదటి 'గ్' అదే. మామ్మగారు స్టూలెక్కి మరీ గంట దించి ఇచ్చింది. రాత్రి తొమ్మిదింటిదాకా వీధి వీధంతా ఆ మోత.

తర్వాత మారిన థెరపిస్టుకి ఇది చెబితే నవ్వి, వెల్లకిలా పడుకోబెట్టినా, తల వెనక్కి వాల్చినా నాలుక వెనక్కి జారుతుంది, క, గ లకి అదో దారి అంది. బల్ల మీద పడుకోబెడితే వీడు కొంప మునిగినట్టు ఏడ్చేవాడు. నక్షత్రం చూడమంటే తనే వంగాడు. నన్నడిగితే సగం పని ఆ మెడే చేసింది, మిగతా సగం ఆ మూడు దండలు.

ఆ థెరపిస్టు అమ్మాయి కూడా తెలివైంది. మర్నాటి నుంచీ షీట్లు మూలన పడేసి మామ్మగారి పాకనే అరువడిగింది. గంట, గడ్డి, గొర్రె, గాడిద... అన్నీ గ-లే. కాపరి, కేకు, కొవ్వొత్తి క-లకి. బొమ్మలు సంచీలో దాచి, వాడు అడిగిందే ఇచ్చేది, తప్పడిగితే తప్పుదే ఇచ్చేది. ఒక్కో మాట సెషన్‌కి ఎన్నిసార్లు అన్నాడో లెక్కే లేదు. సంక్రాంతి దాటాక 'గాలిపటం'తో సాగించాం. 'గ' కుదరడానికి మార్చి అయింది, 'క'కి ఇంకా పట్టింది.

కాబట్టి మీ పాపకి ఏ శబ్దం రావట్లేదో ముందు అడగండి. దానికీ ఆ చెట్టుకీ సంబంధం ఏమిటో మేడమ్ చెప్పలేకపోతే రంగులు ఇంట్లోనే వేయించుకోవచ్చు.

మా వాడిప్పుడు రెండో తరగతి. గాడిద, గొర్రె అన్నీ గడగడా అనేస్తాడు. క్రిస్మస్‌ని మాత్రం 'కిస్మస్' అంటాడు. మా అత్తగారూ అలాగే అంటారు కాబట్టి ఎవరం దిద్దట్లేదు.