పాలు పడని పాపకు చాక్లెట్ పాలు ఎలా?

సమస్య: మా పాపకు ఆరేళ్లు. పాలు తాగిన గంట, రెండు గంటలకు కడుపు ఉబ్బరం, నొప్పి, ఒక్కోసారి నీళ్ల విరేచనాలు అవుతున్నాయి. పాలు పడట్లేదని, కొన్నాళ్లు ఆపమని డాక్టర్ చెప్పారు. కానీ సాయంత్రం బడి నుంచి రాగానే చాక్లెట్ పాలు ఇవ్వందే ఊరుకోదు. ఇంట్లోనే సోయా పాలు తీసి, కోకో పొడి, బెల్లం వేసి కాస్తే విరిగిపోయాయి. పైగా పచ్చి వాసన. బాదం పాలతో చేస్తే నీళ్లలా ఉండి, కోకో అంతా అడుగున పేరుకుంది. ఏ పాలతో చేస్తే మంచిది? ఎలా చేయాలి? క్యాల్షియం తగ్గిపోదా?
– ఒక తల్లి, ఖమ్మం

సలహా: పాలు పడకపోవడం అనేది రెండు రకాలుగా ఉంటుంది. మీ పాపది ఏ రకమో ముందు మీ డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి. పాలలోని చక్కెరను (ల్యాక్టోజ్) అరిగించే ఎంజైమ్ పేగుల్లో తగ్గితే మీరు రాసిన లక్షణాలే వస్తాయి. బాగా విరేచనాలు పట్టుకున్న తర్వాత కొన్ని వారాల పాటు ఇలా అవడం పిల్లల్లో మామూలే. ఈ రకం వాళ్లకు పెరుగు చాలావరకు పడుతుంది. ల్యాక్టోజ్ తీసేసిన పాలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. రెండోది పాల ప్రొటీన్ మీద అలర్జీ. ఇందులో ఒంటి మీద దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు, ఆయాసం, మలంలో రక్తం వంటివి కనిపిస్తాయి. అలర్జీ ఉంటే ఆవు పాలే కాదు, గేదె పాలు, మేక పాలు, పెరుగు, నెయ్యి, పాలపొడి కలిసిన బిస్కెట్ కూడా ఇవ్వకూడదు. ‘మేక పాలు పడతాయట’ అని ఎవరైనా చెప్పినా ప్రయత్నించొద్దు.

ఇక ఏ పాలు అన్నది. చాలామంది బాదం పాలను గొప్పగా అనుకుంటారు. కానీ ఆరేళ్ల పిల్లకు పాల బదులు ఇచ్చేటప్పుడు చూడాల్సింది ప్రొటీన్. ఆవు పాలలో 100 మి.లీ.కు సుమారు 3 గ్రాములు ఉంటుంది. చిక్కగా తీసిన సోయా పాలలోనూ దాదాపు అంతే. ప్యాకెట్ బాదం పాలలో చాలావాటిలో ఒక గ్రాము కూడా ఉండదు. కొబ్బరి పాలలో కొవ్వే ఎక్కువ, ప్రొటీన్ తక్కువ, రోజూ గ్లాసు నిండా ఇవ్వాల్సినవి కావు. బియ్యం పాలు అయిదేళ్ల లోపు పిల్లలకు ఇవ్వొద్దని బ్రిటన్ ఆరోగ్య శాఖ చెబుతుంది, బియ్యంలో ఉండే ఆర్సెనిక్ అనే విషపదార్థం దృష్ట్యా. కాబట్టి మీరు సోయాను ఎంచుకోవడం సరైనదే. లోపమల్లా పాలు తీసి, కాచే పద్ధతిలోనే ఉంది.

పచ్చి వాసన ఎందుకు వస్తుందంటే, సోయా గింజలో ఉండే ఒక ఎంజైమ్ గింజ నలిగి నీళ్లు, గాలి తగలగానే పనిచేయడం మొదలుపెడుతుంది. చల్లటి నీళ్లతో రుబ్బితే దానికి కావలసినంత సమయం దొరుకుతుంది. తర్వాత ఎంత కాచినా ఆ వాసన పూర్తిగా పోదు. అందుకే వేడితో ముందే దాన్ని చంపేయాలి. 100 గ్రాముల సోయా గింజలను 8 గంటలు నానబెట్టండి. ఎండాకాలమైతే మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి, లేకపోతే పులుస్తాయి. ఆ నీళ్లు పారబోసి, మరుగుతున్న నీళ్లలో చిటికెడు వంట సోడా వేసి గింజలను అయిదు నిమిషాలు ఉడికించండి. వార్చి, చేత్తో నలిపి పొట్టు తీసేయండి. తర్వాత బాగా వేడిగా ఉన్న నీళ్లు మొత్తం 800 మి.లీ. వరకు, కొంచెం కొంచెంగా పోస్తూ మెత్తగా రుబ్బండి. వేడి నీళ్లతో మిక్సీ జార్‌ను సగానికి మించి నింపొద్దు. ఆవిరికి మూత ఎగిరి చేతులు కాలతాయి. పలుచని గుడ్డలో వేసి గట్టిగా పిండితే 700 మి.లీ. దాకా పాలు వస్తాయి.

ఇప్పుడు కాచడం. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. సోయా పాలు నిజంగా మరగకముందే నురగ కట్టి పొంగుతాయి. పొంగింది కదా అని దించేస్తే అవి ఇంకా పచ్చివే. సోయాలో ప్రొటీన్‌ను అరగనివ్వకుండా అడ్డుపడే పదార్థం ఉంటుంది. అది తగ్గాలంటే పొంగు అణిగాక సన్నని సెగ మీద, అడుగంటకుండా కలుపుతూ 15 నుంచి 20 నిమిషాలు మరగాలి. సరిగా మరగని సోయా పాలు తాగితే వికారం, కడుపు ఉబ్బరం వస్తాయి. అప్పుడు పాపకు సోయా కూడా పడలేదని మీరు అనుకునే ప్రమాదం ఉంది. పిండగా మిగిలిన పిప్పిని పారేయకండి. చపాతీ పిండిలోనో, అట్ల పిండిలోనో కలిపి బాగా కాల్చుకోవచ్చు.

విరిగిపోవడానికి కారణం బెల్లం, కోకో రెండూ. వేడి సోయా పాలలో క్యాల్షియం లేదా మెగ్నీషియం లవణాలు కలిపే సోయా పనీర్ తయారుచేస్తారు. బెల్లంలోనూ ఆ లవణాలు ఉంటాయి, దానికి తోడు కాస్త పులుపు. మామూలు కోకో పొడికీ కొంచెం ఆమ్లగుణం ఉంది. రెండూ మరిగే పాలలో పడేసరికి ప్రొటీన్ ముద్ద కట్టింది. పాయసంలో బెల్లాన్ని స్టవ్ మీద నుంచి దించాక కలిపేది ఎందుకో, ఇక్కడా అందుకే. విరిగినవి పాడైనట్టు కాదు, తాజావైతే తిన్నా హాని లేదు. కానీ పిల్లలు నోట పెట్టరు.

ఒక గ్లాసుకు లెక్క ఇది: కాచిన సోయా పాలు 180 మి.లీ., తీపి కలపని కోకో పొడి చెంచాన్నర, రాగి పిండి ఒక చెంచా, పంచదార రెండు చెంచాలు, నాలుగు ఉప్పు రవ్వలు. చెంచా అంటే టీ చెంచా, గీసి కొలిచినది. ముందు కోకో, పంచదార, ఉప్పు పొడిగానే కలపండి. కోకోలో కొవ్వు ఉంటుంది కాబట్టి అది చల్లటి ద్రవంలో తడవదు, ఉండలు కడుతుంది. పంచదార రవ్వలు దాన్ని విడదీస్తాయి. అందులో మూడు పెద్ద చెంచాల మరిగే నీళ్లు, ఆవగింజంత వంట సోడా వేసి నిగనిగలాడే ముద్దలా అయ్యేదాకా చెంచాతో మెదపండి. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, జాగ్రత్త. వేరే గిన్నెలో రాగి పిండిని పావు గ్లాసు చల్లటి నీళ్లలో కలిపి, జావలా చిక్కబడేవరకు మూడు, నాలుగు నిమిషాలు ఉడికించండి. కోకో నీళ్లలో కరిగే పదార్థం కాదు, అందులో తేలుతుందంతే. పట్టి ఉంచడానికి కాస్త చిక్కదనం లేకపోతే అడుగుకు దిగిపోతుంది. మీ బాదం పాలలో జరిగింది అదే. రాగి జావ ఆ పని చేస్తుంది.

కోకో ముద్దలో ముందు జావ, తర్వాత గోరువెచ్చని సోయా పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. మరిగే పాలలో కోకో వేయడం కాదు, కోకోలో పాలు పోయాలి. ఆ తర్వాత మళ్లీ మరిగించొద్దు. బెల్లమే కావాలంటే విడిగా కొద్ది నీళ్లలో కరిగించి, వడకట్టి, చల్లార్చి చివర్లో కలపండి. అయితే బెల్లమూ చక్కెరే, దానికి మినహాయింపు లేదు. ఇప్పుడు రెండు చెంచాలు వేస్తుంటే నెలలో ఒక చెంచాకు తగ్గించండి. వారానికి కొంచెం చొప్పున తగ్గిస్తే పాప గమనించదు.

సోయా అసలు నచ్చకపోతే పల్లీ పాలు చేయొచ్చు. 60 గ్రాముల పల్లీలు దోరగా వేయించి, పొట్టు తీసి, నాలుగు గంటలు నానబెట్టి, 400 మి.లీ. నీళ్లతో రుబ్బి వడకట్టి, పది నిమిషాలు కాచాలి. కోకోతో దీని రుచి బాగా కుదురుతుంది. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చే గింజలు ఒక్కటి కూడా వేయొద్దు. వాటిలో కాలేయానికి హాని చేసే బూజు విషం ఉండొచ్చు. సోయా, పల్లీ, బాదం మూడూ కొందరికి అలర్జీ కలిగించేవే. పాలు పడని కొందరు పిల్లలకు సోయా కూడా పడదు. అందుకే మొదటి రోజు రెండు చెంచాలే పట్టించి చూడండి.

క్యాల్షియం గురించి మీ సందేహం సరైనదే. జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 4–6 ఏళ్ల పిల్లలకు రోజుకు 550 మి.గ్రా. కావాలి. గ్లాసు ఆవు పాలు 240 మి.గ్రా. దాకా ఇస్తాయి. ఇంట్లో తీసిన సోయా పాలలో అందులో నాలుగో వంతు కూడా ఉండదు. మనం వేసిన చెంచా రాగి పిండితో వచ్చేది 10 మి.గ్రా. మాత్రమే, దాన్ని నమ్ముకోవద్దు. 50 గ్రాముల పిండితో చేసిన రాగి రొట్టో, సంగటో పెడితే 170 మి.గ్రా. పైనే వస్తుంది. ఒక నువ్వుల ఉండ, తోటకూర పప్పు కూడా రోజువారీలో ఉండాలి. పెరుగు పడితే అది అన్నిటికన్నా తేలిక. కొనే సోయా డబ్బా అయితే లేబుల్ మీద 100 మి.లీ.కు 120 మి.గ్రా. క్యాల్షియం కలిపినది చూసి తీసుకోండి, తాగేముందు బాగా కుదపండి. క్యాల్షియం మాత్ర పొడి చేసి పాలలో కలపొద్దు. విరిగిపోతాయి, మోతాదూ తెలియదు. పాలు, పెరుగు, గుడ్డు, మాంసం ఏవీ పెట్టని ఇల్లయితే విటమిన్ బి12 గురించి డాక్టర్‌తో తప్పక మాట్లాడండి.

బజారులో దొరికే డ్రింకింగ్ చాక్లెట్, మాల్ట్ పొడుల్లో చాలావాటిలో పాలపొడి ఉంటుంది. పదార్థాల పట్టిక కింద అలర్జీ హెచ్చరిక చదవకుండా కొనొద్దు. రోజుకు ఒక్క గ్లాసు చాలు. కోకోలో కొద్దిగా కెఫీన్ ఉంటుంది, ఇనుము ఒంటికి పట్టడాన్నీ అది తగ్గిస్తుంది. కాబట్టి సాయంత్రం అయిదింటికి ఇవ్వండి, భోజనంతోనో, పడుకునే ముందో వద్దు. మిగిలిన సోయా పాలు ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచొద్దు, బడికి సీసాలో పంపొద్దు. మీ ఇంట్లో ఎవరైనా థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే, మాత్రకూ సోయా పాలకూ నాలుగు గంటల ఎడం పాటించాలి. ఏడాది లోపు పసిపిల్లలకు ఇవేవీ తల్లిపాలకు గానీ, డాక్టర్ రాసిచ్చే డబ్బా పాలకు గానీ బదులు కావు.

మీ పాపది ల్యాక్టోజ్ సమస్యే అని తేలితే, ఆరు నుంచి ఎనిమిది వారాలు పోయాక, డాక్టర్‌ను అడిగి, అన్నం తిన్న తర్వాత పావు గ్లాసు మామూలు పాలు ఇచ్చి చూడొచ్చు. పడితే నెమ్మదిగా పెంచండి. అలర్జీ అయితే మాత్రం ఈ పరీక్ష ఇంట్లో చేయకూడదు, ఆస్పత్రిలో డాక్టర్ సమక్షంలోనే చేయించాలి.