ఐదు వందల పంచ్‌లు కొట్టినా భుజం ఎందుకు లేస్తోంది?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. రెండేళ్లుగా కరాటే నేర్చుకుంటున్నా, గ్రీన్ బెల్ట్. క్లాసులో సగం టైము పంచ్‌లు, బ్లాక్‌లే. అది చాలదని తెల్లవారుజామున మేడ మీద రోజూ ఐదు వందల పంచ్‌లు కొడుతున్నా. అయినా మొన్న మాస్టారు "వెనక మడమ లేస్తోంది, భుజం లేస్తోంది" అన్నారు. ఇంకా ఎన్ని కొట్టాలండీ?
- బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పెంచడం అటుంచి, ముందు యాభైకి దించండి.

మీరు లెక్క రాశారు గానీ, ఆ ఐదు వందలు కొడుతున్నంతసేపు దేన్ని గమనించుకుంటున్నారో రాయలేదు. ఇచి, ని, సాన్ (జపనీస్‌లో ఒకటి, రెండు, మూడు) అనుకుంటూ పోతే మనసంతా లెక్క మీదే ఉంటుంది, కాసేపటికి అలసటతో భుజాలు బిగుసుకుంటాయి, మిగతావన్నీ ఆ బిగిసిన భుజంతోనే పడతాయి, అంటే పొద్దున్నే లేచి మరీ తప్పును బాగా వంటబట్టించుకుంటున్నారన్నమాట. (నేనూ ఇదే చేశాను లెండి, పైగా వెయ్యి కొట్టానని గొప్పలు కూడా పోయేవాణ్ణి.)

ఈ వారం మడమ ఒక్కటే చూసుకోండి. జెన్‌కుత్సు దాచిలో, అంటే ముందు మోకాలు వంచి వెనక కాలు చాపి, నిలబడి గ్యాకు జుకి, అదే వెనక చేతి పంచ్, నెమ్మదిగా పది. వెనక కాలు నేలను నెడితే నడుము తిరుగుతుంది, ఆ తిరుగుడే పిడికిలి దాకా వస్తుంది. మడమ లేస్తే నేల మీద పట్టు పోతుంది, ఆ లోటు పూడ్చడానికి భుజం ఎగబాకుతుంది. మీ మాస్టారు చెప్పిన రెండు తప్పులూ బహుశా ఒకటే. మడమ కింద కాగితం పెట్టుకుని, పంచ్ పడే క్షణంలో ఇంట్లో ఎవరినైనా లాగమనండి, ఊడి రాకూడదు. ఎవరూ లేకపోతే ఫోన్ పిట్టగోడకి ఆనించి పక్క నుంచి వీడియో తీసుకోండి. పది కొట్టడం, చూసుకోవడం, మళ్లీ పది. నెమ్మదిగా కుదిరాకే వేగం. వేగం పెంచగానే మడమ మళ్లీ లేస్తుంది, కంగారు పడొద్దు, మళ్లీ తగ్గించండి. వెనక్కి లాగే చేయి, హికితే, సంగతి వచ్చే వారం.

1922లో ఒకినావా నుంచి టోక్యో వెళ్లి కరాటే ప్రదర్శించిన ఫునకోషి గిచిన్, మూడు టెక్కి కటాలు, అంటే వరుసగా చేసే కదలికల కూర్పులు, నేర్చుకోవడానికే తనకు పదేళ్లు పట్టిందని రాసుకున్నారు. మీకు రెండేళ్లేగా!

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్లు. ఏడాదైనా హెయాన్ షోదాన్ కటా దగ్గరే ఉంది. వేరే క్లాసుకెళ్లే పక్కింటి బాబు నాలుగు కటాలు చేసేస్తున్నాడు. క్లాసు మార్చమంటారా?
- పటమట, విజయవాడ

జవాబు: అప్పుడే వద్దమ్మా. ఆ కటాలో మొదటి కదలిక గెదాన్ బరాయి, కిందికి కొట్టే బ్లాక్. అది ఎందుకో పాపను అడగండి. "కాలితో తన్నబోతే ఇలా పక్కకి కొట్టేయాలి" అని మీ మీదే చేసి చూపించిందా, మాస్టారు బాగా చెబుతున్నట్టే. "ఏమో, సార్ చెయ్యమన్నారు" అంటే మాత్రం ఒకసారి వెళ్లి ఆయనతో మాట్లాడండి.